ఆటలో మ్యాప్ ఎలా చూపించాలి: వీటీటీయా, టీవీయా, ఫ్లెక్సీయా?

మా గుంపులో ఆరుగురం. ముగ్గురం హైదరాబాద్‌లో, ఒకమ్మాయి విజయవాడలో, ఒకతను బెంగళూరులో, ఇంకొకడు డాలస్‌లో. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఆట. డాలస్ వాడికి అది శనివారం రాత్రి తొమ్మిదిన్నర, వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక ఎనిమిదిన్నర. నాలుగేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పొట్టిగా డీ అండ్ డీ, పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడిస్తున్నాను, ఈ నాలుగేళ్లలో మ్యాప్ చూపించే పద్ధతి ఐదుసార్లు మార్చాను. కొత్తగా జీఎం (గేమ్ మాస్టర్, అంటే కథ చెప్తూ ఆట నడిపే మనిషి) అవుదామనుకునేవాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది "ఏ వీటీటీ వాడాలి అన్నా?" అనే. వర్చువల్ టేబుల్‌టాప్‌కి పొట్టిపేరు వీటీటీ. తెర మీద ఒక మ్యాప్, మ్యాప్ మీద గళ్లు, పాత్రలకి గుర్తుగా గళ్లలో జరుపుకునే టోకెన్లు, అంతే దాని సంగతి.

ఒకటి ముందే చెప్పేస్తా. ఫీచర్లు చూసి ఎంచుకోకండి. నేను అలాగే చేసి మూడు నెలలు తగలేశాను.

ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు మీ గుంపులో ఎవరి కంప్యూటర్ అన్నిటికంటే పాతదో, ఎవరి నెట్ అన్నిటికంటే నెమ్మదో చూడండి. మీ స్థాయి అదే. ఒకసారి పాడుబడ్డ గుడి కింద నేలమాళిగ ఒకటి తయారు చేశాను, కాగడా వెలుగు గోడ దగ్గర ఆగాలి, మూల తిరిగితే తప్ప అవతల ఏముందో కనపడకూడదు. రెండు రాత్రులు కూర్చుని గోడలన్నీ గీశాను. ఆదివారం ఆట మొదలవగానే విజయవాడ అమ్మాయికి తెర మొత్తం నలుపు. ఆమెది ఆఫీసువాళ్లు పాతబడిందని ఇచ్చేసిన ల్యాప్‌టాప్. బ్రౌజర్ మూశాం, తెరిచాం, సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేశాం, ఆఫ్ చేశాం, ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. చివరికి నేను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపిస్తే ఆమె "సరే, తలుపు పక్కన నక్కి ఉన్నా, ఎవడు వచ్చినా నరుకుతా" అంది, ఆట నడిచింది. ఆ నరుకుడు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నా కాగడా వెలుగు గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క అనలేదు.

తర్వాత చూడాల్సింది జీఎం టైము. మూడు గంటల ఆటకి మీరు ఎంతసేపు కూర్చుని సిద్ధం కాగలరు? ఒక బొమ్మ ఎక్కించి గళ్లు సరిచేయడం అయిదు నిమిషాల పని. అదే మ్యాప్‌కి గోడలు, తలుపులు, కిటికీలు, దీపాలు పెట్టాలంటే ఒక సాయంత్రం గోవిందా. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లు రెండో దారిలోకి దిగితే నెల తిరక్కుండానే ఆట ఆగిపోతుంది. కళ్లారా చూశాను.

ఇక దాచడం ఎలాగన్నది. ఆటగాళ్లు ఇంకా చూడని గదుల మీద నల్ల ముసుగు కప్పి ఉంచడాన్ని ఫాగ్ ఆఫ్ వార్ అంటారు. ముసుగుని జీఎం చేత్తో తొలగిస్తే చాలా? లేక ప్రతి టోకెన్ చూపుని బట్టి దానంతటదే తొలగాలా? రెండోది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, దానికే పైన చెప్పిన తిప్పలన్నీ. నా లెక్కలో పది ఆటల్లో ఎనిమిదింటికి మొదటిది చాలు.

డబ్బు సంగతి చివర్లో చూసుకోవచ్చు. ఎంత అన్నదానికంటే ఎవరు కట్టాలి అన్నదే గొడవ. ఆటగాళ్లందరినీ తలా కొంత వేసుకోమంటే సగం మంది వచ్చేవారం నుంచి కనపడరు. జీఎం ఒక్కరు కడితే సరిపోయేదే చూసుకోండి. కింద పట్టికలో మొదటి మూడూ వీటీటీలు.

| పద్ధతి | డబ్బు ఎవరు కట్టాలి | మ్యాప్‌కి పట్టే టైము | పాత ల్యాప్‌టాప్, ఫోన్ | ముసుగు |
|---|---|---|---|---|
| ఔల్‌బేర్ రోడియో | ఉచితంగా మొదలు, కావాలంటే జీఎం | 5 నిమిషాలు | బాగానే నడుస్తుంది | చేత్తో, ఎక్స్‌టెన్షన్ వేస్తే దానంతటదే కూడా |
| రోల్20 | ఉచితంగా మొదలు, వెలుతురు కావాలంటే జీఎం చందా | అరగంట | ల్యాప్‌టాప్‌లో పర్వాలేదు | రెండు రకాలూ |
| ఫౌండ్రీ | జీఎం ఒకేసారి | ఒక సాయంత్రం | కష్టం | దానంతటదే, చాలా బాగా |
| బల్ల మీద టీవీ | టీవీ ఉన్నవాళ్లు | పై మూడిట్లో ఏది వాడితే అంత | జీఎం ల్యాప్‌టాప్ ఒక్కటి చాలు | వీటీటీని బట్టి |
| ఫ్లెక్సీ, మార్కర్ | ఎవరైనా | ఆటలోనే గీయడం | అక్కర్లేదు | కాగితం ముక్కలు కప్పడమే |

ఔల్‌బేర్ రోడియో

2020లో, అందరూ ఇళ్లల్లో కూర్చున్న కాలంలో వచ్చింది. జీఎం ఒక గది తెరిచి లింకు పంపితే ఆటగాళ్లు ఖాతా కూడా తెరవక్కర్లేదు, పేరు కొట్టి లోపలికి వచ్చేస్తారు. బొమ్మ లాగి పడెయ్, గళ్లు సరిచెయ్, ముసుగు గీయ్, మొదలెట్టు. ఫోన్‌లో కూడా వేలితో టోకెన్ జరపొచ్చు. మాట్లాడుకోవడానికి వేరేది కావాలి, మేము డిస్కార్డ్ వాడతాం. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు వీడియో ఆపేసి గొంతు మాత్రం ఉంచుకుంటే సాఫీగా సాగుతుంది.

ఇందులో లేనిది ఏంటంటే ఆట నియమాలు. కత్తి దెబ్బకి ఎన్ని పాయింట్లు పోయాయో అది లెక్కకట్టదు, పాత్ర వివరాల కాగితం కూడా ఇందులో ఉండదు. ఎక్స్‌టెన్షన్లు (అదనంగా తగిలించుకునే సౌకర్యాలు) వేసుకుంటే కొంత వస్తుంది కానీ మొత్తం రాదు. దీన్ని లోపం అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజం పాచికలు వేసుకుని కాగితం మీద రాసుకునే గుంపుకి మాత్రం ఇంతకంటే హాయైనది నాకు కనపడలేదు. కొత్తవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే.

రోల్20

2012లో కిక్‌స్టార్టర్ అనే సైటులో జనం దగ్గర డబ్బు పోగుచేసుకుని మొదలైంది. ఊరి పెద్దబజారు లాంటిది, రద్దీగా ఉంటుంది, అన్నీ దొరుకుతాయి. పాత్ర కాగితాలు, పాచికలు, కొనుక్కునే రెడీమేడ్ సాహసాలు, ముక్కూమొహం తెలియని వాళ్లతో ఆడాలంటే ఆటగాళ్లు కూడా అక్కడే దొరుకుతారు. గుంపు లేని ఒంటరి ఆటగాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

ఉచిత ఖాతాలో ముసుగు చేత్తో తొలగించుకోవాలి. చూపుని బట్టి తొలిగే డైనమిక్ లైటింగ్‌కి నెలకో ఏడాదికో చందా కట్టాలి. జీఎం కడితే ఆ ఆటలో ఉన్నవాళ్లందరికీ వర్తిస్తుంది. ఉచిత ఖాతాలో స్థలం కూడా తక్కువ, కాబట్టి పెద్ద పీఎన్‌జీ బొమ్మలు అలాగే ఎక్కించేయకండి. జేపీజీగా మారిస్తే సైజు బాగా తగ్గుతుంది, కంటికి తేడా తెలియదు.

దీన్ని ల్యాప్‌టాప్ తెర కోసం కట్టారు. ఫోన్‌లో ఆడతానని ఎవరైనా అంటే వాళ్ల కోసం ఔల్‌బేర్ చూడండి.

ఫౌండ్రీ

ఇది 2020 మేలో వచ్చింది. జీఎం ఒక్కరు ఒకేసారి 50 డాలర్లు, దానిమీద పన్ను కడితే చాలు, నెలవారీ చందా లేదు, ఆటగాళ్లు బ్రౌజర్‌లోంచి ఉచితంగా వస్తారు. వెలుతురు, గోడలు, శబ్దాలు, బయటివాళ్లు తయారుచేసిన అదనపు ముక్కలు, అంటే మాడ్యూళ్లు, వేలల్లో. కిటికీలోంచి కనిపించాలి కానీ మనిషి దూరకూడదు, తలుపుకి తాళం వేసి ఉండాలి, వానలో దీపం రెపరెపలాడాలి, ఏది అడిగినా చేస్తుంది. అదే దీని గొప్ప, అదే దీని ప్రమాదం కూడా. దీంట్లో పడిన జీఎంలు కథ మానేసి దీపాలు సర్దుకుంటూ కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను.

ఆటగాళ్ల తెర కనీసం 1366×768 ఉండాలి, గ్రాఫిక్స్ కాస్త తట్టుకోవాలి. ఫోన్ సంగతి మరిచిపోండి. మ్యాప్ బొమ్మని గడికి 100 పిక్సెళ్ల చొప్పున పెట్టుకుంటే 40×30 గళ్ల నేలమాళిగ 4000×3000 అవుతుంది, దాన్ని వెబ్‌పీగా (తక్కువ సైజులో ఉండే బొమ్మ ఫైలు) మార్చి ఎక్కిస్తే పాత ల్యాప్‌టాప్‌లు కూడా కొంత ఊపిరి పీల్చుకుంటాయి.

మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. ఫౌండ్రీ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఆటగాళ్లు నెట్ మీదుగా మీ ఇంటికి వచ్చి తలుపు తట్టాలి. ఆ తలుపు నంబరు మామూలుగా 30000, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి దాన్ని తెరవాలి. నేను ఆ పని చేసి, మూడుసార్లు సరిచూసుకుని, అందరికీ లింకు పంపితే ఒక్కరూ రాలేకపోయారు. మా ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ అడ్రస్సే లేదని, చాలా ఇళ్లకి కలిపి ఒక్కటే ఇస్తారని తర్వాత తెలిసింది. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయకుండా ఉత్తరం వేసినట్టు, గేటు దాకా వస్తుంది, అక్కడితో సరి. మీకూ అదేనా అని తెలుసుకోవాలంటే రౌటర్ పేజీలో వాన్ ఐపీ (WAN IP, బయటి నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఇక పోర్ట్ తెరిచి లాభం లేదు. అప్పుడు మూడు దారులు. నెట్ కంపెనీని అడిగి నెలకి కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని అడ్రస్) తీసుకోవడం, లేదా ఫౌండ్రీని అద్దెకి నడిపిపెట్టే ది ఫోర్జ్ లాంటి సైటులో డబ్బు కట్టి అక్కడ నడపడం, లేదా పబ్లిక్ అడ్రస్ ఉన్న స్నేహితుడి నెత్తిన పెట్టడం. మేము మూడోది చేశాం. డాలస్ వాడే లైసెన్సు కొన్నాడు, వాడి మంచం పక్కన ఉన్న పాత కంప్యూటర్‌లో నడుస్తోంది, నేను ఇక్కడి నుంచి జీఎంగా లాగిన్ అవుతాను. వాడి భార్య ఆ కంప్యూటర్ స్విచ్ కట్టేసిన ఆదివారాలు రెండున్నాయి.

ఇంకో మాట. కథ నడుస్తుండగా మధ్యలో కొత్త వెర్షన్‌కి మారకండి. పెద్ద వెర్షన్ మారినప్పుడు కొన్ని మాడ్యూళ్లు పని మానేస్తాయి, వాటిని తయారుచేసినవాళ్లు తీరిక దొరికినప్పుడు గానీ సరిచేయరు. మారక తప్పదంటే ముందు బ్యాకప్ తీసుకోండి.

ఈ మూడు కాక ఫాంటసీ గ్రౌండ్స్ ఉంది, 2004 నుంచీ ఉంది, నియమాల లెక్కలన్నీ అదే చూసుకోవాలనుకునేవాళ్లకి మంచిది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. టేల్‌స్పైర్‌లో మ్యాపంతా 3డీలో కట్టుకోవచ్చు, చూస్తే కళ్లు తిరుగుతాయి, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కంప్యూటర్‌కి కూడా తిరుగుతాయి.

ఎదురెదురుగా కూర్చుని ఆడితే

టీవీని బల్ల మీద పడుకోబెట్టి దాని మీద మ్యాప్ వేయడం ఈమధ్య చాలామంది చేస్తున్నారు. ఇందులో కిటుకంతా ఒక్క అంగుళంలో ఉంది. డీ అండ్ డీలో గడి అంటే 5 అడుగులు, బల్ల మీద అది 1 అంగుళం, పాత్రలకి బదులు నిలబెట్టే చిన్న బొమ్మల అడుగుభాగం దానికి సరిపోతుంది. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 37 అంగుళాలు, ఎత్తు 21, అంటే 37×21 గళ్లు. 32 అంగుళాలదైతే 27×15. ఓ మోస్తరు గుహకి అది చాలు.

రోల్20లో గడి మామూలుగా 70 పిక్సెళ్లు. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో అంగుళానికి దాదాపు 69 పిక్సెళ్లు పడతాయి, కాబట్టి జూమ్ 100 శాతంలో పెడితే గడి ఇంచుమించు అంగుళం వచ్చేస్తుంది. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో జూమ్ 73 దగ్గర, 32 అంగుళాల మామూలు హెచ్‌డీ రెడీలో 70 దగ్గర పెట్టాలి. విండోస్ డిస్‌ప్లే స్కేల్ 100 శాతంలో ఉండాలి, లేకపోతే ఈ లెక్క తప్పుతుంది. టీవీ సెట్టింగుల్లో బొమ్మ అంచులు కోసేసే మోడ్ ఉంటే అదీ ఆపండి. తర్వాత పిల్లల స్కూలు స్కేలు తెచ్చి తెర మీద పది గళ్లు కొలవండి. పది అంగుళాలు రావాలి.

టీవీ మీద టీ ఒలకడం ఖాయం, పాచికలు గీతలు పెట్టడం ఖాయం. అందుకని 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు కొలతకి కోయించి పైన పరవండి. వెనక గాలి ఆడేలా నాలుగు మూలలా చెక్కముక్కలు పెట్టాలి, టీవీ వేడెక్కుతుంది. కొత్త టీవీ కొనకండి, హాల్లోంచి రిటైరైనదే దీనికి సరిగ్గా సరిపోతుంది, కాకపోతే పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయే తెరా కాదా అని ముందే చూసుకోండి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా పక్క నుంచే చూస్తారు.

నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటి చెప్తా. కేబుల్ పెట్టి విండోస్ కీ, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ బదులు డూప్లికేట్ ఎంచుకున్నాను. జీఎం తెర యథాతథంగా టీవీ మీద పడింది. సింహాసనం వెనక దాక్కున్నవాడు, నేలలో ఉచ్చు, ఆ ఉచ్చు మీద నేను రాసుకున్న "ఇక్కడ కచ్చితంగా పడతారు" అన్న నోటు, అన్నీ. ఎవరూ పడలేదు. టీవీ కోసం ఆటగాడిలా వేరే ఖాతా ఒకటి తెరిచి, ఆ విండోని మాత్రమే రెండో తెర మీదకి లాగండి.

ప్రొజెక్టర్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పైనుంచి బల్ల మీదకి వేస్తే అద్భుతంగా ఉంటుందని వీడియోల్లో చూపిస్తారు. మన ఇళ్లల్లో బల్లకి సరిగ్గా పైన సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. ఫ్యాన్ ఆపి మేలో ఆడించి చూడండి.

ఇక ఫ్లెక్సీ. ఏ ఊళ్లో అయినా దొరికే ప్రింటింగ్ షాపుకెళ్లి 3 అడుగులు × 4 అడుగులు, అంగుళం గళ్లు, తెల్ల నేల మీద లేత బూడిద గీతలు, అంతే అడగండి. 36×48 గళ్లు వస్తాయి, రెండు బిర్యానీల ఖర్చు దాటదు. పుట్టినరోజు ఫోటో లేకుండా ఫ్లెక్సీ వేయించుకునే మనిషిని అక్కడి కుర్రాడు వింతగా చూస్తాడు, పర్లేదు. ఫైలుని షీటుకి సరిపడా సాగదీయొద్దని గట్టిగా చెప్పండి, సాగదీస్తే గడి ఒకవైపు అంగుళం, ఇంకోవైపు అంగుళంపావు అవుతుంది. మడవకండి, చుట్టి పెట్టండి. మార్కర్‌తో నేరుగా దాని మీద గీస్తే మరక మిగలొచ్చు, అందుకని డైనింగ్ టేబుల్ మీద వేసే పారదర్శక ప్లాస్టిక్ కవరు పైన పరిచి దాని మీద గీసుకుని, ఆ రాత్రే తుడిచేయండి. ఒక్క పోరాటానికే కావాలంటే జిరాక్స్ షాపులో ఏ3 ప్రింటు చాలు, 16×11 గళ్లు పడతాయి.

బొమ్మలు కొనాలా అంటే వద్దు. క్యారం బిళ్ల 3 సెంటీమీటర్లు దాటుతుంది, అంగుళం గడిలో పట్టదు, పక్క గడిలోకి పొర్లి "నేను తగిలానా లేదా" అని తగువులు తెస్తుంది. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, గడి కంటే కాస్తే పెద్దది, నడిచిపోతుంది. లూడో కాయలు అన్నిటికంటే బాగు.

సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ

మాది ఇదే కాబట్టి ఇది మాత్రం నమ్మకంగా చెప్పగలను. బల్ల మీద టీవీ, దానిలో ఆటగాళ్లు చూసే తెర, దూరాన ఉన్నవాళ్లు వాళ్ల ల్యాప్‌టాప్‌లో అదే మ్యాప్ చూస్తారు. ఇక్కడ కూర్చున్నవాళ్లు టీవీ మీద బిళ్లలు పెట్టకూడదు. పెడితే మీరు తెరలో టోకెన్, బల్ల మీద బిళ్ల, రెండూ జరుపుతూ ఉండాలి, రెండో రౌండుకే తేడా వస్తుంది. టోకెన్లు తెరలోనే ఉంచి, "రెండు గళ్లు ఎడమకి" అని నోటితో చెప్పించుకుని మీరే జరపండి. టీవీ మధ్యలో ఒక మంచి మైకు పెట్టండి. మ్యాప్ కనపడకపోయినా ఆట సాగుతుంది, మాట వినపడకపోతే డాలస్ వాడు ఫోన్ తీసి వేరే పనిలో పడతాడు.

మ్యాపే వద్దనుకునే రోజు

ఒకసారి గోల్కొండ కోటని మ్యాప్ చేద్దామని కూర్చున్నాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుంది కదా, కాపలావాళ్లని మోసం చేసే దొంగల కథకి అంతకంటే ఏం కావాలి. కానీ అది గుట్ట. మెట్లు, మలుపులు, ఒకదాని నెత్తిన ఒకటి గోడలు. చదునైన గళ్ల మీదకి తెచ్చేసరికి ఎక్కడం అనేదే పోయింది, కోట కాస్తా పార్కింగ్ స్థలంలా తయారైంది. ఫౌండ్రీలో అంతస్తులు పెట్టే మాడ్యూళ్లు ఉన్నాయి, ఒక వారం వాటితో కుస్తీపట్టి వదిలేశాను. చివరికి కోట మొత్తానికి పక్క నుంచి చూస్తున్నట్టు ఒక గీతబొమ్మ వేసి, గళ్లు లేకుండా, "మీరు ఇక్కడ" అని వేలితో చూపిస్తూ ఆడించాను. పోరాటం జరిగిన ఒక్క ముంగిలికి మాత్రం గళ్ల మ్యాప్ పెట్టాను. దొంగతనం, వెంటాడటం, రాజసభలో వాదన, వీటికి గళ్లు అడ్డమే.

ఎవరికి ఏది

మొదటిసారి జీఎం అవుతున్నారా, ఔల్‌బేర్, ఇంకేం ఆలోచించకండి. మ్యాప్ లేదా, డంజన్ స్క్రాల్‌లో బ్రౌజర్‌లోనే ఉచితంగా గీసుకోండి. గుంపు లేదా, రోల్20కి వెళ్లండి. ఒకే గుంపుతో పది ఆటలు దాటి, ఇంకా ఏడాది నడుస్తుందని నమ్మకం ఉండి, మీకు ఈ దీపాలు సర్దే పనే సరదా అయితే ఫౌండ్రీ, అప్పుడు మ్యాపులు డంజన్‌డ్రాఫ్ట్‌లో గీసుకుంటే గోడలతో సహా ఎగుమతి అవుతాయి, ఆ సాయంత్రం మిగులుతుంది. అందరూ ఒకే ఊళ్లో ఉంటే ఫ్లెక్సీతో మొదలుపెట్టి, ఇంట్లో పాత టీవీ ఎప్పుడు ఖాళీ అవుతుందో కనిపెట్టుకుని ఉండండి.

టీవీ వచ్చాక కూడా ఆ ఫ్లెక్సీ పారేయకండి. మొన్న వర్షానికి డ్రాగన్ నోరు తెరిచిన క్షణంలో కరెంటు పోయింది, మా ఇన్వర్టర్ ఫ్యాన్లు లైట్ల వరకే. ఫోన్ టార్చ్ పట్టుకుని, బీరువా వెనక చుట్టి పెట్టిన ఫ్లెక్సీ తీసి పరిచి, డ్రాగన్ స్థానంలో ఉప్పు డబ్బా పెట్టాం.